వేసవి వచ్చేసరికి చెరువు ఖాళీ అవుతోంది, ఈ లెన్సు అమ్మేయమంటారా?

గట్టుమీది_కెమెరా (ఏప్రిల్ 6)
పోయిన అక్టోబరులో వాయిదాల మీద 150-600 జూమ్ లెన్సు కొన్నాను. సంగారెడ్డి దగ్గర, మా ఇంటికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఒక చెరువు ఉంది. నవంబరు నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ఒక్క ఆదివారం కూడా మానకుండా వెళ్లి సూదితోక బాతులను, తల వెనక రెండు నల్లచారలతో హిమాలయాలు దాటి వచ్చే పెద్దబాతులను, ఇంకా పేరు తెలియని బురదపిట్టలను వేలకొద్దీ ఫొటోలు తీశాను. మార్చి రెండో వారం నుంచి చెరువు వెలవెలబోయింది. నిన్న రెండు గంటలు కూర్చుంటే కనిపించినవి నాలుగు గుడ్డికొంగలు, కాకులు, ఒక గేదె. పోనీ ఆ కొంగలనే తీద్దామంటే ఒక్క ఫొటోలోనూ పదును లేదు. షట్టర్ వేగం సెకనులో 1/2000 వంతుకు పెంచినా ఈకలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, పారే నీళ్ల అడుగున చూసినట్టు వచ్చాయి. లెన్సు పాడైందేమోనని ఒక సర్వీసు సెంటరుకు తీసుకువెళితే, అంతా బాగానే ఉందని చెప్పడానికి 1,200 రూపాయలు పుచ్చుకున్నారు. ఏడాదికి నాలుగు నెలలు మాత్రమే పనికొచ్చే రెండు కిలోల బరువును ఇంట్లో పెట్టుకోవడం ఎందుకని మా ఆవిడ అడుగుతోంది. ఆమె ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అమ్మేయమంటారా?

ఆరువందల_మిల్లీమీటర్లు (ఏప్రిల్ 6)
అమ్మే సంగతి తర్వాత చూద్దాం. నిన్న మీరు చెరువు దగ్గర ఏ వేళకు ఉన్నారు?

గట్టుమీది_కెమెరా (ఏప్రిల్ 6)
ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా ఉన్నాను. సెలవురోజు కదండీ, టిఫిను చేసి బయలుదేరాను.

ఆరువందల_మిల్లీమీటర్లు (ఏప్రిల్ 6)
అయితే మీ లెన్సుకు జబ్బు లేదు, మీరు చెల్లించిన 1,200 రూపాయలు మీ టిఫినుకు పడిన అదనపు ఖరీదు. ఎండకు నేల కాగినప్పుడు దానిని ఆనుకుని ఉన్న గాలి వేడెక్కి పైకి లేస్తుంది, పైనుంచి చల్లగాలి కిందికి దిగుతుంది, ఈ రెండింటి గుండా వచ్చే వెలుగు ఒక్కో క్షణం ఒక్కో విధంగా వంగుతుంది. తారురోడ్డు మీద ఎండమావిని చూపించేది కూడా ఆ వేడిగాలే. పిట్టకూ మీకూ మధ్య ఎనభై మీటర్ల దూరం ఉంటే, మీరు ఎనభై మీటర్ల మరిగే గాలి గుండా ఫొటో తీస్తున్నారన్నమాట. షట్టర్ వేగం 1/2000 చేసినా 1/8000 చేసినా ఆ వంకర పోదు, ఎందుకంటే కదులుతున్నది పిట్టా కాదు, మీ చెయ్యీ కాదు.

దీనికి ఉన్న మందులు రెండే. ఒకటి, ఏప్రిల్‌లో మన వైపు ఆరింటికల్లా పొద్దు పొడుస్తుంది కాబట్టి అప్పటికే గట్టు మీద ఉండి ఏడున్నరకు లెన్సు సంచిలో పెట్టేయాలి. రెండు, పిట్టకు దగ్గరగా ఉండాలి. ఏసీ వేసిన కారులో కూర్చుని అద్దం దించి తీసేవారికి కూడా ఇదే బాధ ఉంటుంది, కిటికీ దగ్గర చల్లగాలీ వేడిగాలీ కలిసి అక్కడే చిన్న ఎండమావిని తయారుచేస్తాయి. శీతాకాలంలో మీరు తొమ్మిదింటికి వెళ్లినా ఫొటోలు బాగా రావడానికి కారణం పొద్దు కిందుగా ఉండి నేల ఆలస్యంగా కాగడమే. దానిని మీరు లెన్సు గొప్పతనం అనుకున్నారు.

సిలికాజెల్ (ఏప్రిల్ 7)
ఆ గేదె ఫొటో ఒకసారి పెట్టండి. అందులో పదును ఉందో లేదో చూస్తే లెన్సు సంగతి తేలిపోతుంది.

పాతచెరువు (ఏప్రిల్ 7)
ఆరువందల గారు వెలుతురు సంగతి చెప్పారు కాబట్టి నేను పిట్టల సంగతి చెబుతాను. మీ ప్రశ్నలో నాకు గుచ్చుకున్న మాట "నాలుగు గుడ్డికొంగలు". వాటిని మీరు కాకులతోనూ గేదెతోనూ కలిపి లెక్కవేశారు. నేను ఉద్యోగ విరమణ చేశాక పదకొండేళ్లుగా ఒకే చెరువు గట్టున కూర్చుంటున్నాను. నా దగ్గరున్న ఫొటోలలో ఎక్కువ మంది ఆగి చూసేది బాతులవి కావు, ఆ గుడ్డికొంగవే. చలికాలంలో అది మట్టి రంగులో, మెడ నిండా గీతలతో, ఎండుగడ్డిలో గడ్డిపోచలా ఉంటుంది. వేసవి ముదిరేకొద్దీ తల, మెడ గోధుమ పసుపుకు తిరుగుతాయి, వీపు మీద ముదురు మెరూన్ రంగు ఈకలు కుచ్చుల అంచులా దిగుతాయి, తల వెనక సన్నని తెల్ల ఈకలు రెండు మూడు వేలాడతాయి. వానలు పడి గూళ్లు కట్టే రోజుల్లో కొన్నింటికి కాళ్లు కూడా కొద్దికాలం ఎర్రబడతాయి. ఏప్రిల్‌లో మీరు చూసిన నాలుగింటిలో ఒక్కటైనా ఈ మార్పు మొదలుపెట్టి ఉంటుంది. వెళ్లి చూడండి.

ఇలా రంగు మార్చేవి ఇంకా ఉన్నాయి. పశువుల వెంట తిరిగే తెల్లకొంగకు తలా మెడా నారింజ రంగుకు వస్తాయి. మునుగుడుకోడి మెడ ఇటుక ఎరుపవుతుంది, కొన్నాళ్లకు పిల్లలను వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది. తామరాకుల మీద నడిచే పొడుగువేళ్ల పిట్టకు చలికాలంలో లేని వంపుతోక వానాకాలంలో వస్తుంది. మీ పెరట్లో మందారాల చుట్టూ తిరిగే మగ తేనెపిట్ట ఇప్పుడు నల్లగా నిగనిగలాడుతోంది కదా, వానలు వెనకబడ్డాక అది ఆ నిగనిగ రాల్చుకుని, గొంతు నుంచి పొట్ట దాకా ఒక్క నల్లచార మాత్రం మిగుల్చుకుని ఆడపిట్టలా తిరుగుతుంది. అప్పుడు తీసిన ఫొటో పెట్టి ఇది వేరే జాతి అని వాదించినవారిని ఈ వేదికలోనే ఇద్దరిని చూశాను. వారి పేర్లు చెప్పను.

సిలికాజెల్ (ఏప్రిల్ 7)
అందులో ఒకణ్ణి నేనే. నాలుగు రోజులు వాదించాను కూడా.

ఫ్రిస్కో_పిచ్చుక (ఏప్రిల్ 8)
పాతచెరువు గారి మాట చదివి నా ఫోల్డర్లన్నీ తిరగేశాను. పద్నాలుగేళ్లుగా టెక్సస్‌లో ఉంటున్నాను, పిల్లల బడి సెలవులను బట్టి ప్రతిసారీ డిసెంబరులో బయలుదేరి సంక్రాంతి చేసుకుని తిరిగి వస్తాను. మా ఊరు తణుకు పక్కన. పంట కాలువ మీద తీసిన గుడ్డికొంగ ఫొటోలు నా దగ్గర రెండువందలకు పైగా ఉన్నాయి, అన్నింటిలోనూ అది మట్టి రంగులోనే ఉంది. దాని వీపు మెరూన్ రంగులోకి మారుతుందన్న సంగతి నాకు ఈ రోజే తెలిసింది. చిన్నప్పుడు చూసే ఉంటాను, కానీ అప్పుడు దానిని రాయి పెట్టి కొట్టడానికే చూసేవాణ్ణి.

బూరుగపూలు (ఏప్రిల్ 8)
గట్టుమీది గారు ఫిబ్రవరి ఆఖరుకూ మార్చికీ మధ్య చెరువు ఖాళీ అయిందని రాశారు. నిజమే, కానీ అదే వారాల్లో ఆయన వీపు వెనక చెట్లు నిండిపోయి ఉంటాయి. ఆకులన్నీ రాల్చిన బూరుగ, మోదుగ చెట్లు పూసే రోజులవి. ఆకు అడ్డం ఉండదు, వెనక ఆకాశం తప్ప ఏమీ ఉండదు, తేనె కోసం వచ్చే పిట్ట తనంతట తాను పువ్వు ముందుకు వచ్చి నిలబడుతుంది. నేను ఈ ఏడాది వరసగా తొమ్మిది ఉదయాలు ఒక్క బూరుగ చెట్టు కింద కూర్చున్నాను. గోరింకలు, ఏట్రింతలు, చలికి వచ్చి ఇంకా వెనుదిరగని గులాబీ రంగు గోరింకల గుంపు, చివరికి కాకులు కూడా వచ్చాయి. నాకు బాగా నచ్చిన ఫొటోలో ఒక గోరింక పువ్వులో తల పూర్తిగా ముంచి తీసిన మరుక్షణం ఉంది, దాని నుదుటి మీద పుప్పొడి అద్దుకుని బొట్టు పెట్టినట్టు కనిపిస్తుంది. పెద్ద లెన్సు కూడా అక్కర్లేదు, నేను తీసింది 300 మిల్లీమీటర్ల లెన్సుతో.

ఒక్క జాగ్రత్త ఉంది. కింద నుంచి పైకి తీస్తాం కాబట్టి వెనకున్న వెలుగైన ఆకాశాన్ని చూసి కెమెరా మోసపోతుంది, పిట్ట బొగ్గులా వస్తుంది. ఎక్స్‌పోజరును ఒక స్టాపు పైకి జరపాలి, అంటే కెమెరా రెట్టింపు వెలుగు తీసుకునేట్టు చేయాలి.

కైకలూరు_కుర్రాడు (ఏప్రిల్ 9)
మా వైపు దీనికి తారుమారు. కొల్లేటి ఒడ్డున ఆటపాక దగ్గర గూడబాతులు (పెలికాన్లు) తెల్లగా, నీళ్లు నల్లగా ఉంటాయి కాబట్టి కెమెరా ఎక్కువ వెలుగు తీసుకుని ఈకల గీతలన్నీ చెరిపేస్తుంది. నేను ఎప్పుడూ మూడింట రెండు వంతుల స్టాపు కిందికి దించుకునే మొదలుపెడతాను. కొల్లేటిలో వాటికి చలికాలమే గూళ్లు కట్టే కాలం. పడవ మీద తిరిగేవారికి పిల్లలు తల్లి నోటి సంచిలో మెడ దాకా తల దూర్చి చేపలు తీసుకోవడం కనిపిస్తుంది. మొదటిసారి చూసినవారు తల్లి పిల్లను మింగేస్తోందని కంగారుపడతారు. నేనూ పడ్డాను.

కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో ప్రపంచ ప్రధాన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి వెళ్లింది, 2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లు తెంచారు. ఆ ఏడు నేను మూడో తరగతి. మా ఇంట్లో అప్పటి నుంచి పక్షుల మాట ఎత్తితే మా నాన్నకు కోపం, నేను కెమెరా కొన్నానని ఆయనకు ఏడాది దాకా చెప్పలేదు. ఇప్పుడు మాత్రం ఏ గట్టు మీద ఏ పిట్ట వాలిందో నాకంటే ముందు ఆయనే ఫోన్ చేసి చెబుతాడు.

మెరుపుఫ్లాష్ (ఏప్రిల్ 12)
ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ అసలు సంగతి ఎవరూ చెప్పలేదు. వేసవి, వానాకాలం అంటే గూళ్ల కాలం. గూడు దొరికితే పిట్ట కోసం వెతకాల్సిన పనే లేదు, పది నిమిషాలకొకసారి అదే వస్తుంది. పోయిన ఏడాది జూన్‌లో నాకు తోకపిగిలి పిట్ట గూడు దొరికింది. మగపిట్ట తెల్లటి రిబ్బను తోక గూట్లో పట్టక బయటికి వేలాడుతూ ఉంటే ఆ ఫొటో ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. అడ్డంగా ఉన్న రెండు రెమ్మలను తాడుతో పక్కకు కట్టాను, ఒక చిన్న కొమ్మను మాత్రం నరకవలసి వచ్చింది. ఆ ఫొటోకు ఒక పోటీలో బహుమతి కూడా వచ్చింది.

తీతువు_తోడు (ఏప్రిల్ 12)
ఆ గూట్లోని పిల్లలు ఎగిరాయా?

మెరుపుఫ్లాష్ (ఏప్రిల్ 12)
నేను రెండు రోజులే వెళ్లాను. తర్వాత చూడలేదు.

తీతువు_తోడు (ఏప్రిల్ 13)
నేను మిమ్మల్ని తప్పుపట్టేంత శుద్ధుణ్ణి కాదు కాబట్టి నా సంగతే చెబుతాను. ఐదేళ్ల కింద మే నెలలో మా చెలకలో తీతువు గుడ్లు పెట్టింది. గూడు అని పేరేగానీ అది నేల మీద గిట్ట దిగిన గుంటంత ఉంటుంది, చుట్టూ నాలుగు గులకరాళ్లు. నాలుగు గుడ్లూ మొనలు లోపలికి పెట్టి, మట్టిరంగు మీద నల్లమచ్చలతో, మీరు వాటి పక్కనే కాలు వేసినా కనిపించవు. నేను ముప్పై మీటర్ల దూరంలో బోర్లా పడుకుని, మీద గోనెపట్టా కప్పుకుని, ఎంతో జాగ్రత్తగా ఉన్నాననుకున్నాను. పిట్ట వెళ్లి దగ్గరలోని పశువుల తొట్టి కింద నిలిచిన నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకుంది. గుడ్లను చల్లబరచడానికి అది అలా నీళ్లు మోసుకొస్తుంది. ఆ తడి పొట్టతో తిరిగి వచ్చి నన్ను చూసి ఆగింది. అరిచింది, రెండడుగులు వేసింది, మళ్లీ ఆగింది. నేను ఫోకస్ సరిచూసుకుంటున్నాను. కెమెరాలోని సమయం ప్రకారం పద్దెనిమిది నిమిషాలు అది అక్కడక్కడే తిరిగింది, చివరికి దాని పొట్ట ఈకలు పూర్తిగా ఆరిపోయి ఉబ్బడం నాకు వ్యూఫైండరులో కనిపించింది. నా మోచేతుల కింద నేల చురచుర కాలుతోంది. అప్పుడు లేచి వచ్చేశాను. నాలుగింటిలో రెండు గుడ్లే పిల్లలయ్యాయి. మిగతావి నా వల్లే పోయాయో కాదో తెలియదు, కానీ ఆ ఫొటోలు నేను ఎక్కడా పెట్టలేదు.

కొమ్మ నరికితే ఇంకా పెద్ద కీడు. ఆ కొమ్మ మీకు అడ్డమైనట్టే కాకికీ అడ్డం, మధ్యాహ్నపు ఎండకూ అడ్డం.

మెరుపుఫ్లాష్ (ఏప్రిల్ 13)
పక్షుల ఛాయాచిత్ర కళ మొదలైందే గూళ్ల దగ్గర. పాత పుస్తకాల్లో ఏ బొమ్మ చూసినా గూడో, గుడ్లో, పిల్లలో కనిపిస్తాయి. వారందరూ గొప్పవారు, మేము మాత్రం దోషులమా?

పాతచెరువు (ఏప్రిల్ 14)
మెరుపు గారు చెప్పిన చరిత్ర నిజమే. కానీ అప్పటివారు గూటి దగ్గరికి ఎందుకు వెళ్లారో కూడా చూడాలి. వారి చేతిలో ఉన్నవి నెమ్మదైన ఫిల్ములు, పొట్టి లెన్సులు. పిట్ట ఒకేచోటికి మళ్లీ మళ్లీ వచ్చి కొద్దిసేపు నిలబడే చోటు గూడు ఒక్కటే కాబట్టి, రోజుల తరబడి మాటు కట్టి, దానిని అంగుళం అంగుళం దగ్గరికి జరుపుతూ తీశారు. మీ కెమెరా సెకనుకు ఇరవై ఫొటోలు తీస్తుంది, ఎగిరే పిట్ట కంటిని తనే వెతికి పట్టుకుంటుంది. వారికి తప్పనిది మీకు తప్పుతుంది.

చట్టం సంగతి కూడా చెప్పనివ్వండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అంటే ఏమిటో నిర్వచించేటప్పుడు చంపడం, పట్టడంతో ఆగలేదు. అడవి పక్షుల గుడ్లను, గూళ్లను పాడుచేయడమే కాదు, వాటిని కదిలించి కలతపెట్టడం కూడా అందులోకే వస్తుంది. కొమ్మను తాడుతో కట్టినవారు ఆ మాటను ఒకసారి నెమ్మదిగా చదువుకోవాలి.

సిలికాజెల్ (ఏప్రిల్ 14)
మా అమ్మాయి పురిటికి వచ్చినప్పుడు మా ఆవిడ నన్నే గదిలోకి రానివ్వలేదు, ఫ్లాష్ మాట దేవుడెరుగు.

మెరుపుఫ్లాష్ (ఏప్రిల్ 15)
సరే, కొమ్మ నరకడం తప్పే. ఒప్పుకుంటున్నాను. కానీ కూత వినిపించి పిలవడం కూడా తప్పేనని మీరంటారేమో, అది మాత్రం ఒప్పుకోను. పొన్నంగి పిట్ట పొదల్లోంచి బయటికి రాదు, ఫోనులో దాని కూత వినిపిస్తే వెంటనే వస్తుంది.

బూరుగపూలు (ఏప్రిల్ 15)
వస్తుంది, కానీ మీ కోసం కాదు. తన చోటులోకి మరో మగపిట్ట చొరబడిందనుకుని తరిమేయడానికి వస్తుంది. మీరు తీసిన ఫొటోలో అది లేని శత్రువును కోపంగా వెతుకుతూ ఉంటుంది. వికారాబాదు అడవిలో ఒక జూన్ ఉదయం నేను ఒకే పొద చుట్టూ మూడు గుంపుల ఫోన్లు వంతులవారీగా కూయడం చూశాను. పిట్ట అటూ ఇటూ దూకి అలసిపోయి చివరికి కూయడమే మానేసింది. ఆ పిట్ట పొద్దు పొడిచేటప్పుడూ పొద్దు వాలేటప్పుడూ తనంతట తానే కూస్తుంది, తమిళులు దానిని ఆరుగంటల పిట్ట అని పిలవడం అందుకే. ఆరింటికి అక్కడ ఉంటే ఫోను అక్కర్లేదు.

ఆరువందల_మిల్లీమీటర్లు (ఏప్రిల్ 15)
ఒక్కసారి, అర నిమిషం, గూళ్ల కాలం కానప్పుడు వినిపిస్తే పెద్ద నష్టం లేదని నా అభిప్రాయం. బూరుగపూలు గారితో ఈ విషయంలో మూడేళ్లుగా వాదిస్తున్నాను, ఇద్దరం మారలేదు. అయితే ఆమె ఫొటోలు నావాటి కంటే బాగుంటాయన్న మాట దాచలేను.

గట్టుమీది_కెమెరా (మే 4)
నెల రోజులుగా టిఫినుకు ముందే వెళ్తున్నాను. ఆరింటికి గట్టు మీద కూర్చుంటే పదును వచ్చింది, ఆరువందల గారికి నమస్కారం. నాలుగు గుడ్డికొంగల్లో ఒకదాని వీపు మీద మెరూన్ మచ్చ నిజంగానే కనిపించింది, ఇంకా సగం మట్టి, సగం రంగు. గోడకు సున్నం వేస్తూ మధ్యలో మేస్త్రి అన్నానికి వెళ్లినట్టుంది. దానికి పేరు పెట్టేంత పరిచయమైంది. వాయిదా కూడా కట్టాను.

ఇచ్ఛాపురం_వాన (జులై 9)
ఈ చర్చ ఆగినట్టుంది గానీ వానలు మొదలయ్యాయి కాబట్టి మా వైపు సంగతి రాస్తున్నాను. మా పక్కన తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు దిగిపోయాయి. ఊళ్లో ఇళ్ల మధ్యనున్న చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. అవి వస్తే వానలు కురిసి పంట పండుతుందని ఊరివారి నమ్మకం, వాటిని ఎవరూ అదిలించరు. టెక్కలి వైపు తేలినీలాపురానికి ఎర్రకాళ్ల కొంగలూ గూడబాతులూ వచ్చేది సెప్టెంబరు ప్రాంతంలో. జిల్లా ఒకటే, ఒక ఊరికి వానతో, ఇంకో ఊరికి వాన వెనకబడ్డాక వస్తాయి. దూరం నుంచి వచ్చేవారు రెండూ ఒకే నెలలో చూద్దామని వచ్చి ఒకటి చూసి వెళ్లిపోతుంటారు.

నత్తగుల్ల కొంగ ముక్కును దగ్గరగా తీయండి. రెండు దవడలూ మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది, గుల్లలోంచి నత్తను లాగడానికి ఆ ముక్కే సాధనం. మబ్బు పట్టిన రోజు తెల్లకొంగలను తీయడానికి అన్నింటికంటే మంచిది, నీడలు ఉండవు, తెలుపు మండిపోదు. చెట్టు కింద నిలబడేవారు గొడుగు తెచ్చుకోండి. వాన కోసం కాదు.

సిలికాజెల్ (జులై 10)
నా పేరు సార్థకం చేసుకునే వేళ వచ్చింది. వానాకాలంలో లెన్సు లోపల బూజు పడుతుంది, మొదట సన్నని వెంట్రుకలా, తర్వాత సాలెగూడులా. 2019లో నా 70-200 జూమ్ లెన్సు అలాగే పోయింది, ఎందుకంటే తోలు సంచిలో భద్రంగా బీరువాలో పెట్టాను. భద్రత అంతా బూజుకే పనికొచ్చింది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు, తేమ చూపించే చిన్న మీటరు ఒకటి కొనుక్కోండి. మీటరు 40-50 శాతం మధ్య ఉండాలి. పొట్లాలు రంగు మారాక పెనం మీద సన్నని సెగకు వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి. బియ్యం డబ్బాలో పెట్టమని సలహా ఇచ్చేవారు ఇక్కడా ఉన్నారు, బియ్యపు పిండి ఫోకస్ రింగులోకి వెళితే అది తీయడం బూజు తీయడం కంటే కష్టం.

ఇంకొక మాట. ఏసీ కారులోంచి లెన్సును హఠాత్తుగా బయటికి తీస్తే అద్దం మీద ఆవిరి పట్టి అరగంట దాకా పోదు. చెరువు ఇరవై నిమిషాల దూరంలో ఉండగానే ఏసీ ఆపేసి, లెన్సును సంచిలోనే ఉంచి వేడెక్కనివ్వండి.

కైకలూరు_కుర్రాడు (జులై 10)
బియ్యం డబ్బా సలహా ఇచ్చింది నేనే. మా అమ్మ కూడా బియ్యంలో నూనె వాసన వస్తోందని కెమెరాను బయట పెట్టించింది.

గట్టుమీది_కెమెరా (ఆగస్టు 17)
ఈ నెల మూడు ఆదివారాలూ చెరువు దాకా వెళ్లనే లేదు, దారిలో ఒక దిగుడుబావి మీదికి వంగిన తుమ్మచెట్టు దగ్గరే ఆగిపోయాను. గిజిగాళ్లు పద్దెనిమిది గూళ్లు అల్లుతున్నాయి. మగపిట్ట పొడుగాటి గడ్డి ఆకు అంచును ముక్కుతో కరిచి ఎగిరితే ఆ ఆకు సన్నని నారలా చీలి దాని వెంట వస్తుంది. ఆ నారను తెచ్చి కాలితో పట్టుకుని ముక్కుతో ముడివేస్తుంది. గూడు సగమై, తలకిందులుగా వేలాడదీసిన శిరస్త్రాణంలా ఉన్నప్పుడు ఆడపిట్ట చూడడానికి వస్తుంది. లోపలికి వెళ్లి ముక్కుతో లాగి చూస్తుంది. మగది బయట రెక్కలాడిస్తూ వేలాడుతూ ఉంటుంది. నచ్చితే ఉంటుంది, లేకపోతే పక్క గూటికి వెళ్లిపోతుంది. నేను చూసిన ఒకదానిని మూడు ఆడపిట్టలు కాదన్నాయి, నాలుగో రోజు చూస్తే ఆ గూడు కిందపడి బావినీళ్లలో తేలుతోంది. మా ఆవిడను కూడా తీసుకువెళ్లి చూపించాను. ఆమె ఆడపిట్టల పక్షం.

ఇది గూళ్ల దగ్గర తీయడమే కదా అని తీతువు_తోడు గారు అడుగుతారని తెలుసు. బావికి అవతలి గట్టు మీద, నలభై అడుగుల దూరంలో, ఒకే చోట కూర్చున్నాను. అవి అల్లడం ఆపలేదు.

తీతువు_తోడు (ఆగస్టు 17)
అడగబోయాను, చివరి వాక్యం చూసి ఆగాను. ఆడపిట్టలు లోపల స్థిరపడి గుడ్లు పెట్టాక మాత్రం ఆ చెట్టును వదిలేయండి.

ఆరువందల_మిల్లీమీటర్లు (ఆగస్టు 18)
షట్టర్ ఎంత పెట్టారు? నార తెచ్చేటప్పుడు ఫొటోలో రెక్క చెదరకుండా ఆగిందా?

గట్టుమీది_కెమెరా (ఆగస్టు 18)
1/3200, ఐఎస్ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 4000. రెక్క ఆగింది గానీ, నార వెనక తోకలా ఊగడం కనిపించలేదు. తర్వాతి వారం 1/500కి దించి తీశాను, నలభైలో రెండు నిలిచాయి, ఆ రెండే బాగున్నాయి.

బూరుగపూలు (అక్టోబరు 5)
దసరా నాడు మా కాలనీలో ఒకతను రెక్కలు కట్టేసిన పాలపిట్టను పంజరంలో తెచ్చి మనిషికి యాభై రూపాయల చొప్పున దర్శనం చేయించాడు. కెమెరాలు పట్టుకున్నవారు కూడా వరసలో నిలబడ్డారు. అటవీశాఖకు ఫోను చేసేలోపు వెళ్లిపోయాడు. తెలంగాణకు అది రాష్ట్రపక్షి, ఆంధ్రప్రదేశ్‌కు కూడా 2018లో రామచిలుకను ప్రకటించే దాకా అదే. కరెంటు తీగ మీద కూర్చుని ఊరి బయట ఎవరికైనా ఉచితంగా కనిపించే పిట్టను యాభై రూపాయలకు కొనుక్కోవడం ఏమిటో నాకు అర్థం కాదు.

పాతచెరువు (అక్టోబరు 5)
కూర్చున్న పాలపిట్ట ఫొటో చాలామందికి నిరాశ కలిగిస్తుంది, గోధుమరంగు ఎదతో సాదాగా ఉంటుంది. దాని రంగంతా మడిచిన రెక్కల్లో ఉంది. కోతలు అయిన పొలాల పక్కన తీగ మీద కూర్చున్నదాన్ని చూసుకుని, పొద్దును వీపు వెనక పెట్టుకుని ఎదురుచూడండి. చాలాసార్లు అది ఎగరబోయే ముందు ఒంగి రెట్ట వేస్తుంది. రెట్ట పడగానే బటను నొక్కండి. ఇంతకంటే మర్యాదగా ఈ కిటుకు చెప్పడం నాకు చేతకాదు.

సూళ్లూరుపేట_సైకిల్ (అక్టోబరు 6)
చలికాలం వస్తోంది కాబట్టి పులికాట్‌కు వచ్చేవారికి ఒక మాట. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ తూర్పుగా వెళ్తుంది. చలికాలంలో పొద్దు దక్షిణానికి వాలి ఉంటుంది కాబట్టి రోడ్డుకు ఉత్తరం వైపున్న ఫ్లెమింగోలకే ముఖాన వెలుగు పడుతుంది, దక్షిణం వైపువి నీడబొమ్మలవుతాయి. ఇది తెలియక దగ్గరగా ఉన్నాయని దక్షిణం వైపే తీసి అన్నీ నల్లగా వచ్చాయని బాధపడేవారిని ఏటా చూస్తాను. గుంపులో బూడిదరంగువి కనిపిస్తే వేరే జాతి అనుకోకండి, అవి పిల్లలు. తినే నాచు, చిన్న రొయ్యల నుంచి గులాబీ రంగు రావడానికి ఏళ్లు పడుతుంది. రోడ్డు దిగి బురదలో నడవకండి, పిట్టలు లేచిపోతాయి, మీరు మోకాలి దాకా దిగిపోతారు. ఇద్దరిని నేనే సైకిల్ ట్యూబుతో లాగాను.

గట్టుమీది_కెమెరా (అక్టోబరు 12)
ఈ ఉదయం చెరువులో సూదితోక బాతులు తొమ్మిది దిగాయి. పోయిన ఏడాది ఇదే లెన్సుతో వాటి వెంటే పరుగెత్తాను. ఈసారి వాటిని పది నిమిషాలు తీసి, గుడ్డికొంగ ఎక్కడుందా అని వెతికాను. వీపు మీది మెరూన్ ఈకలు చాలావరకు రాలిపోయాయి, అక్కడక్కడ రెండు మూడు మిగిలాయి. ఏప్రిల్ నుంచి ఇప్పటి దాకా పద్నాలుగు ఫొటోలు వరసగా పేర్చి చూసుకున్నాను. లెన్సు అమ్మడం లేదు. ఇంకా ఎనిమిది వాయిదాలున్నాయి.

ఫ్రిస్కో_పిచ్చుక (అక్టోబరు 12)
డిసెంబరు 19న దిగుతున్నాను. గుడ్డికొంగ ఈసారి కూడా మట్టి రంగులోనే ఉంటుందా?

పాతచెరువు (అక్టోబరు 13)
ఉంటుంది. ఆగస్టుకు టికెట్టు తీసుకోండి.

సిలికాజెల్ (అక్టోబరు 13)
ఆ గేదె ఫొటో కోసం నేను ఇంకా ఎదురుచూస్తున్నాను.